చల్లటి ప్రాంతపు వైన్‌లో ఆ పులుపు, ఆ వాసన ఎక్కణ్ణించి వస్తాయి?

#1 గాజుగ్లాసు (హిమాయత్‌నగర్)

అందరికీ నమస్కారం. హైదరాబాద్ షాపుల్లో నాసిక్ సావిన్యాన్ బ్లాంక్ పక్కనే న్యూజిలాండ్ మార్ల్‌బరో సావిన్యాన్ బ్లాంక్ కూడా దొరుకుతోంది. ద్రాక్ష రకం ఒకటే. గ్లాసులో పోశాక మాత్రం రెండిటికీ పోలికే లేదు. మార్ల్‌బరోది నోరూరించే పులుపు, పచ్చి క్యాప్సికం, జామపండు వాసన. నాసిక్‌ది కాస్త మెత్తగా, బాగా పండిన పండు రుచితో ఉంటుంది. కారణం అడిగితే "అది చల్లటి ప్రాంతం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు.

ఎంత చల్లగా ఉంటే చల్లటి ప్రాంతం అంటారు? మనకూ డిసెంబరు, జనవరిల్లో రాత్రి 12–13 డిగ్రీలకు దిగుతుంది. తీగ మీద కాయ ఉండేదీ ఆ నెలల్లోనే. మరి మన పండులో పులుపు ఎందుకు నిలవదు? లెక్కలతో చెప్పగలిగినవాళ్లు దయచేసి వివరించండి.

#2 బ్రిక్స్‌మీటర్ (రాజేంద్రనగర్)

ముందు లెక్క చూద్దాం. ద్రాక్ష తీగ 10 డిగ్రీల సెల్సియస్ కింద దాదాపు ఎదగదు. అందుకే రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి 10 తీసేసి, మిగిలినదాన్ని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజురోజుకీ కూడుతూ పోతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అమెరైన్, వింక్లర్ 1944లో ఈ మొత్తాన్ని బట్టి ప్రాంతాలను అయిదు తరగతులు చేశారు. మొత్తం సుమారు 1,390 దాటకపోతే మొదటి తరగతి, అంటే చల్లటిది. ఆ తర్వాత వాతావరణ శాస్త్రవేత్త గ్రెగరీ జోన్స్ ఇంకా తేలికైన కొలత వాడారు: ఆ ఏడు నెలల సగటు 13–15 డిగ్రీలుంటే చల్లటి ప్రాంతం, 15–17 అయితే మధ్యస్థం, 17–19 అయితే వెచ్చనిది, ఆపైన వేడి ప్రాంతం.

జర్మనీలో మోజెల్ లోయ నెలసరి సగటులతో లెక్కవేస్తే దాదాపు 1,000–1,200 వస్తుంది. మనకి ఏప్రిల్–అక్టోబరు లెక్క పనికిరాదు, పండుకోసం కత్తిరించేది అక్టోబరులో కాబట్టి. అక్టోబరు సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేసి చూడండి. నవంబరు సగటు సుమారు 23, డిసెంబరు 21–22, జనవరి 22, ఫిబ్రవరి 25. కూడితే 1,800 దగ్గర ఆగుతుంది. అంటే వింక్లర్ పట్టికలో మూడో తరగతి. మరీ వేడి ప్రాంతమేమీ కాదన్నమాట! కానీ మన పండు మూడో తరగతి పండులా రాదు. ఈ పట్టికను మాత్రమే నమ్ముకుంటే మోసపోయేది ఇక్కడే.

#3 మేడ్చల్‌తోట

బ్రిక్స్‌మీటర్ అన్నా, లెక్క మంచిగనే ఉంది. కానీ అసలు సంగతి మొత్తంల లేదు, వేడి ఏ దిక్కు పోతున్నదో దాంట్ల ఉన్నది.

మన దగ్గర ద్రాక్షకు రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌ల ఒకటి చేస్తరు, కొమ్మలు ఒకట్రెండు కండ్ల (మొగ్గల) దాక కోసి కొత్త కొమ్మలు తెప్పిస్తరు. ఆ కొత్త కొమ్మల కండ్లల్లనే వచ్చే పంట గుత్తి లోపల తయారైతది. రెండోది అక్టోబర్‌ల, పండు కోసం. తీగకు ఇక్కడ నిద్ర అనేది ఉండదు గనుక కండ్లన్నీ ఒక్కపారి పగలవు. అందుకే కోసిన రెండు మూడు దినాలల్ల హైడ్రోజన్ సైనమైడ్ మందు, లీటరు నీళ్లకు 30–40 మి.లీ. కలిపి, గుడ్డతోటి గానీ బ్రష్షుతోటి గానీ కండ్లకు పూస్తరు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఇంకోటి, ఆ మందు పట్టుకున్నోళ్లు ముందు దినం, తర్వాత కొన్ని దినాలు మద్యం అస్సలు ముట్టొద్దు. ఒంట్లకు పోయిన మందు మద్యాన్ని అరగనియ్యదు, గుండె దడ, మొకం ఎర్రబడుడు, బీపీ పడిపోవుడు అయితది.

ఇగ దిక్కు సంగతి. నవంబర్‌ల పూత. డిసెంబర్, జనవరిల కాయ పచ్చిగ, గట్టిగ ఉంటది. మీరు చెప్పిన 12–13 డిగ్రీల చలి ఆ పచ్చికాయ మీద పోతది. కాయ మెత్తబడి చక్కెర ఎక్కుడు సంక్రాంతి దాటినంక. అప్పటికి ఎండ ముదురుతుంటది. కోత ఫిబ్రవరి, మార్చి, పగలు 32, 35. మోజెల్‌ల ఏమైతది? ఏప్రిల్ ఆఖర్ల చిగురు, జూన్‌ల పూత, ఆగస్టు నడుమ కాయ మెత్తబడుతది, కోత సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ దాక. చక్కెర ఎక్కుతున్నకొద్దీ చలి పెరుగుతది. వాళ్ల పండు చలిలకు పోతది, మన పండు ఎండలకు పోతది. మొత్తం వేడి ఒకటే ఉన్నా పండు ఒకటే కాదు.

#4 పులుపుప్రియ (తార్నాక)

మేడ్చల్‌తోట గారు చెప్పినదాని వెనక ఉన్న రసాయనం ఇది.

ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలు: టార్టారిక్, మాలిక్. టార్టారిక్‌ని కాయ దాదాపు ఖర్చు చేయదు. మాలిక్‌ని మాత్రం మెత్తబడటం మొదలైన దగ్గర్నుంచీ శ్వాసక్రియకు ఇంధనంగా వాడుకుంటుంది. వేడి పెరిగిన కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది, రాత్రి కూడా ఆగదు. అందుకే పగటి గరిష్ఠం కన్నా రాత్రి ఉష్ణోగ్రత మీద నాకు ఎక్కువ పట్టింపు. 8 డిగ్రీల రాత్రికీ 20 డిగ్రీల రాత్రికీ మాలిక్ నష్టంలో చాలా తేడా ఉంటుంది. పైగా నేరుగా ఎండ తగిలే గుత్తి చుట్టూ ఉన్న గాలి కంటే 10 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కుతుంది.

ఫలితం: వేడి ప్రాంతంలో కోతనాటికి మాలిక్ లీటరుకు 1–2 గ్రాములు మిగులుతుంది. చల్లటి చోట 4–6 గ్రాములు, చెడ్డ ఏడాదిలో ఇంకా ఎక్కువ. పీహెచ్ (ఇది ఎంత తక్కువుంటే అంత పులుపు) అక్కడ 3.0–3.2, ఇక్కడ జాగ్రత్తపడకపోతే 3.7 దాటుతుంది.

పీహెచ్ రుచికి మాత్రమే సంబంధించిందనుకోకండి. వైన్ చెడిపోకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్‌లో సూక్ష్మజీవుల మీద పనిచేసేది దాని అణురూపం మాత్రమే. అది లీటరుకు 0.8 మి.గ్రా. ఉండాలంటే పీహెచ్ 3.0 దగ్గర 13 మి.గ్రా. స్వేచ్ఛా (దేనితోనూ కలవకుండా మిగిలిన) సల్ఫర్ డయాక్సైడ్ చాలు. 3.5 దగ్గర 40 కావాలి. 3.8 దగ్గర 79. అంటే చల్లటి ప్రాంతపు వైన్ తనను తానే కాపాడుకుంటుంది. వేడి ప్రాంతంలో మనం కాపలా కాయాలి.

"టార్టారిక్ పొడి కలిపితే సరిపోతుంది కదా" అని ఎవరైనా అడుగుతారు. కలుపుతారు, లీటరుకు ఒక గ్రాముకి పీహెచ్ సుమారు 0.1 తగ్గుతుంది. రసంలో పొటాషియం ఎక్కువుంటే వేసినదాంట్లో కొంత స్ఫటికాలై తొట్టి అడుక్కి పోతుంది. కాబట్టి పులియబెట్టే ముందే వేయాలి, చివర్లో వేస్తే నాలుక మీద విడిగా గుచ్చుకుంటుంది. ఇంత చేసినా ఆవిరైపోయిన వాసనలు తిరిగి రావు.

#5 నేలవాసన (సైనిక్‌పురి)

మీరంతా గాలి గురించే మాట్లాడుతున్నారు. నేల సంగతేంటి? మోజెల్ అంటే పలకరాయి. ఫ్రాన్స్‌లో షాబ్లీ అంటే ఆల్చిప్పల శిలాజాలున్న సున్నపు మట్టి. షాంపేన్ అంటే సుద్ద. ఆ వైన్లలో రాయి రుచి తెలుస్తుందని తాగినవాళ్లంతా చెబుతారు.

#6 బ్రిక్స్‌మీటర్ (రాజేంద్రనగర్)

నేలవాసన గారూ, నేల ముఖ్యమే, ఆ ముఖ్యం వేరే దారిలో వస్తుంది. రాయిలోని ఖనిజాలు వేరులోంచి ఎక్కి గ్లాసులో రుచిగా తేలవు. మనం రాయి రుచి అంటున్నది ఎక్కువగా పులుపు, తక్కువ పండు వాసన, కొన్ని గంధక సమ్మేళనాలు కలిసి ఇచ్చే అనుభూతి. మోజెల్ పలకరాయి చేసేది భౌతికమైన పని: నల్లగా ఉండి పగలు వేడి పీలుస్తుంది, సాయంత్రం గుత్తులకు తిరిగిస్తుంది, వాన నీటిని నిలవనీయదు. చల్లటి చోట ఆ రెండు డిగ్రీలే పండు పండటానికీ పండకపోవడానికీ మధ్య తేడా. సుద్ద నేలైతే నీటిని లోపల దాచి, ఎండినప్పుడు మెల్లగా వదులుతుంది.

వాలు కూడా అంతే. మోజెల్ 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంది. సెప్టెంబరు ఆఖరున మిట్టమధ్యాహ్నం సూర్యుడు 40 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చదునైన నేల మీద పడే ఎండ సైన్ 40, అంటే 0.64. దక్షిణానికి తిరిగిన 30 డిగ్రీల వాలు మీదైతే సైన్ 70, అంటే 0.94. ఒకే ఊళ్లో, ఒకే రోజున, దాదాపు ఒకటిన్నర రెట్లు ఎండ! అందుకే మనిషి నిలబడలేని కొండవాలుల్లో తోటలు వేసి, కోతలప్పుడు బుట్టలను రాట్నం మీద లాగుతారు. అక్కడ పేరున్న తోటలు ఎక్కువగా వాలు మీదే ఉంటాయి.

మన దగ్గర ఫిబ్రవరి మధ్యలో సూర్యుడు 60 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఎండను తెచ్చుకోవడం కాదు, తప్పించుకోవడం మన పని. పందిరి వేసి గుత్తులు ఆకు కింద వేలాడేలా పెంచేది అందుకే. అక్కడ కాయ కట్టిన వెంటనే గుత్తి దగ్గరి ఆకులు తెంపేస్తారు, తూర్పు వైపు ముందుగా, ఎండ తగిలి గాలి ఆడాలని. ఆ ఆకులు ఉంచేస్తే తేమ పట్టి బూజు పడుతుంది, పచ్చి వాసన పోదు. మన ఎండలో అదే ఆకులు తెంపితే రెండు రోజుల్లో కాయ మాడి గోధుమరంగు తిరుగుతుంది.

#7 నేలవాసన (సైనిక్‌పురి)

సైన్ లెక్క బాగుంది. సుద్ద, పలకరాయి వేడికీ నీటికీ పనికొస్తాయన్నదాన్ని కాదనను. అయితే ఒకే లోయలో, ఒకే వాలులో, పలకరాయి రంగు మారిన చోట వైన్ మారడం మోజెల్ రైతులకు అనుభవంలో ఉన్న విషయం. నీరు పట్టే లోతు, రాయి రంగును బట్టి వేడి, వేరు దిగే దారి, ఇవన్నీ అడుగడుక్కీ మారతాయి. చల్లటి చోట ఆ చిన్న తేడాలు పండులోకి వస్తాయి, ఎందుకంటే పంట అంచు మీదుంటుంది. వేడి ప్రాంతంలో పండు ఎలాగూ పండుతుంది కాబట్టి ఆ తేడాలు కప్పబడిపోతాయి. ఒక్కో చేను పేరు సీసా మీద రాసే అలవాటు బర్గండీలోనూ మోజెల్‌లోనూ బలపడటానికి ఇదొక కారణమని నా నమ్మకం.

#8 పందిరికింద (ఘట్‌కేసర్)

అంచు అన్నారు కాబట్టి మంచు సంగతి చెప్పాలి. చల్లటి ప్రాంతంలో ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోయేది ఏప్రిల్‌లో. చిగురు విచ్చుకున్నాక సున్నాకి రెండు డిగ్రీలు కిందికి దిగితే చాలు, లేత మొలక నల్లబడి చస్తుంది. పక్క కన్ను మళ్లీ చిగురిస్తుంది గానీ దానికి గుత్తులు తక్కువ, కోత ఆలస్యం. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో జరిగింది ఇదే: మార్చి వెచ్చబడి చిగుళ్లు ముందే వచ్చేశాయి, ఆ వెంటనే మంచు పడింది. భూమి వేడెక్కుతోంది కాబట్టి మంచు భయం తగ్గుతుందనుకోవడం తప్పు, చిగురు కూడా ముందుకు జరుగుతోంది.

కాపాడుకునే పద్ధతుల్లో నాకు బాగా నచ్చేది షాబ్లీలో వాడే నీటి జల్లు. చలి రాత్రి తీగల మీద నీళ్లు చల్లడం వింతగా అనిపిస్తుంది. కిలో నీళ్లు గడ్డకడితే 334 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. నీరు పడుతూ గడ్డకడుతూ ఉన్నంతసేపూ మంచు పొర లోపలి మొలక సున్నా దగ్గరే ఉంటుంది, కిందికి దిగదు. మెలకువలు మూడు:

తడి బల్బు థర్మామీటరు (బల్బుకు తడిగుడ్డ చుట్టినది) సున్నాకి చేరకముందే మొదలుపెట్టాలి. గాలి పొడిగా ఉంటే మామూలు థర్మామీటరు ఇంకా పైన చూపిస్తున్నా తడి బల్బు పడిపోయి ఉంటుంది, దాన్ని చూడకపోతే ఆలస్యమవుతుంది.

గంటకు 2.5–3 మి.మీ. తక్కువ కాకుండా ఎడతెగకుండా పడాలి. కిలో నీరు ఆవిరైతే దాదాపు 2,500 కిలోజౌళ్లు లాక్కుంటుంది, అంటే గడ్డకట్టి ఇచ్చేదానికి ఏడున్నర రెట్లు. గాలి వీస్తే ఆవిరి పెరిగి లెక్క తలకిందులవుతుంది. పంపు మధ్యలో ఆగితే అసలు చల్లని తోట కంటే చల్లిన తోటకే ఎక్కువ నష్టం.

తెల్లారాక కూడా మంచు తనంతట తాను కరిగి రాలేదాకా ఆపకూడదు.

నీళ్లు లేనివాళ్లు హెక్టారుకు 300–400 మైనపు బకెట్లు వెలిగిస్తారు, లేదా పెద్ద ఫ్యాన్లతో పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోస్తారు. పైన వెచ్చటి పొర లేని రాత్రి ఫ్యాన్ వల్ల ఉపయోగం లేదు.

చలికాలపు దెబ్బ వేరే. సున్నాకి 20 డిగ్రీల కంటే కిందికి దిగితే యూరప్ ద్రాక్ష కన్నులు, ఒక్కోసారి మొదలు కూడా చచ్చిపోతాయి. అమెరికాలో ఫింగర్ లేక్స్ ప్రాంతం నిలబడింది లోతైన సరస్సుల వల్లే. సెనెకా సరస్సు 188 మీటర్ల లోతు, చలికాలంలో గడ్డకట్టదనే చెప్పాలి. గట్టు మీద తోటలకు వెచ్చదనం ఇస్తుంది, వసంతంలో చల్లగా ఉండి చిగురును ఆలస్యం చేస్తుంది. రెండూ మేలే. అయినా అంటు కట్టిన చోటును శీతాకాలానికి ముందు మట్టి ఎగదోసి కప్పుతారు.

#9 గాజుగ్లాసు (హిమాయత్‌నగర్)

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఒకటి, క్యాప్సికం వాసన. రెండోది, మన అరకు 900–1,000 మీటర్ల ఎత్తులో ఉంది కదా, అక్కడైతే? లేదా మన దగ్గరే ఆగస్టులో కత్తిరించి, పండు డిసెంబరు, జనవరి చలిలో పండేలా జరపలేమా?

#10 పులుపుప్రియ (తార్నాక)

వాసన సంగతి నేను చెబుతాను. క్యాప్సికం వాసనకి కారణం మిథాక్సీపైరజీన్లు. నీటిలో లీటరుకు 2 నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. పచ్చికాయలో ఎక్కువుంటాయి, పండేకొద్దీ తగ్గుతాయి. ఎండా వేడీ ఉంటే ఇంకా తొందరగా తగ్గుతాయి. చల్లటి చోట కొంత మిగులుతుంది. సావిన్యాన్ బ్లాంక్‌లో అది అందం. కబెర్నే ఎర్ర వైన్‌లో మితిమీరితే కాయ పండలేదన్న గుర్తు. జామ వాసన వేరే: అవి థయోల్స్ అనే గంధక సమ్మేళనాలు, కాయలో వాసన లేని రూపంలో ఉండి, పులిసేటప్పుడు ఈస్ట్ వాటిని విడదీస్తుంది. కాబట్టి తొట్టి 13–15 డిగ్రీల దగ్గర ఉంచడం, గాలి తగలనీయకపోవడం తోట ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. షిరాజ్ అనే ఎర్ర రకంలో మిరియాల వాసన రొటుండోన్‌ది, మిరియాల్లో ఉన్నదీ అదే పదార్థం. చల్లటి తోటల షిరాజ్‌లోనే గట్టిగా తెలుస్తుంది.

ఎర్ర రకాల రంగు కూడా ఇక్కడే కలుస్తుంది. కాయ 35 డిగ్రీలు దాటితే తొక్కలో రంగు తయారీ కుంటుపడుతుంది. పినో న్వార్‌కి మొదటే రంగు తక్కువ, తొక్క పల్చన. చల్లటి చోట్లే దానికి పేరొచ్చింది: బర్గండీ, అమెరికాలో విలామెట్ లోయ, న్యూజిలాండ్‌లో 45 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గరి సెంట్రల్ ఒటాగో.

#11 మేడ్చల్‌తోట

కత్తిరింపు ముందుకు జరుపుడు గురించి. ఆగస్టుల కోస్తే సెప్టెంబర్ ఆఖర్ల, అక్టోబర్ల పూత. అప్పుడు వానలు ఆగవు. ఆకు రెండు మూడు గంటలు తడిగుండి రాత్రి 20 డిగ్రీలుంటె బూజు తెగులుకు అంతకన్న ఏం కావాలె. పూగుత్తికి పట్టిందంటె గుత్తి మొత్తం ఎండుతది, మందు కొట్టినా తిరిగి రాదు. తుఫాను వానలు నవంబర్ దాక ఉంటయి. పులుపు నిలవొచ్చు, గుత్తి నిలవదు. కొందరు సెప్టెంబర్ ఆఖర్ల కోసి పది పదిహేను దినాలు ముందుకు జరుపుతరు, అంత వరకు అయితది. దానికి తోడు కోత తెల్లారగట్ల చేసి, పండు చల్లగ ఉన్నప్పుడే తొట్టికి చేర్చాలె.

#12 బ్రిక్స్‌మీటర్ (రాజేంద్రనగర్)

ఎత్తు లెక్క: 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గరుంది. అరకు ఇంకో 400–450 మీటర్లు ఎక్కువ, అంటే మూడు డిగ్రీలు లాభం. శీతాకాలపు రాత్రులు బాగా చల్లన, మాలిక్‌కి మేలు జరుగుతుంది. కానీ దిక్కు మారదు, పండు మార్చి వైపే పండుతుంది. వర్షపాతం మనకంటే ఎక్కువ. పగటి నిడివి కూడా చూడండి: మోజెల్‌లో జూన్‌లో పగలు 16 గంటలు, కాబట్టి చల్లగా ఉన్నా ఆకు ఎక్కువసేపు చక్కెర చేస్తుంది. మనకి కాయ పెరిగే డిసెంబరులో పగలు 11 గంటల పైచిలుకు. చల్లదనం, పొడవైన పగలు, చలిలోకి జారే శరత్తు మూడూ కలిసిరావాలి. నంది హిల్స్ వైపు తోటలకు ఎత్తు కలిసొచ్చి రాత్రులు బాగుంటాయి, మిగతా రెండూ అక్కడా దొరకవు.

#13 గాజుగ్లాసు (హిమాయత్‌నగర్)

అర్థమైంది. చివరగా, కొనేవాళ్లకి. సీసా చూసి చల్లటి ప్రాంతపు లక్షణం ఎలా పట్టుకోవాలి? మోజెల్ కాబినెట్ (జర్మనీలో తేలికపాటి వైన్ తరగతి) సీసాల మీద ఆల్కహాల్ 8–9 శాతమే ఉంటోంది, పండు పండక అంత తక్కువా?

#14 పులుపుప్రియ (తార్నాక)

కాదండీ. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాల్. రసంలో 185 గ్రాములుంటే మొత్తం పులిశాక 11 శాతం దగ్గరికి రావాలి. 8 దగ్గర ఆగిందంటే 45–50 గ్రాముల చక్కెర మిగిల్చి, తొట్టిని బాగా చల్లబరిచి, వడకట్టి పులవడం ఆపేశారన్నమాట. ఆ తీపిని మోసేది పులుపే. వేడి ప్రాంతపు పండుతో అదే పని చేస్తే పానకంలా ఉంటుంది. సీసా మీద "ట్రోకెన్" అని ఉంటే తీపి లేనిది. అప్పుడు ఆల్కహాల్ 11–12.5 ఉంటుంది. చల్లని ఏడాదిలో పండు చక్కెర సరిపోకపోతే షాంపేన్, బర్గండీల్లో రసంలోనే చక్కెర కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. జర్మనీలో కాబినెట్ స్థాయి నుంచి పైవాటికి ఒప్పుకోదు.

మన వంటకి ఈ కాబినెట్ బాగా కుదురుతుంది. గోంగూర మాంసం ముందు పులుపు తక్కువైన వైన్ చప్పబడిపోతుంది, దీనిది చప్పబడదు. తీపి కారాన్ని తగ్గిస్తుంది, తక్కువ ఆల్కహాల్ మంటను పెంచదు. 14.5 శాతం షిరాజ్‌తో మిర్చీ కా సాలన్ తింటే నోరు కాలుతుంది.

#15 పందిరికింద (ఘట్‌కేసర్)

ఉష్ణోగ్రత మాట కూడా. రీస్లింగ్ (మోజెల్‌లో పెంచే తెల్ల రకం) 8–10 డిగ్రీలు, పినో న్వార్ 13–15. ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి తెల్లది పోసే పావుగంట ముందు, పినో అరగంట ముందు బయట పెట్టండి. మే నెలలో మన గదిలో గ్లాసు త్వరగా వెచ్చబడుతుంది, కొంచెం కొంచెం పోసుకోవాలి. నిల్వకి బీరువా వద్దు. 38 డిగ్రీల గదిలో వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది, చల్లారినప్పుడు గాలి లోపలికి వస్తుంది. కొనేముందు బిరడా సీసా మూతితో సమంగా ఉందో లేదో, రేకు కింద జిగురు కారిందో లేదో చూడండి. కారి ఉంటే ఆ సీసా దారిలో ఎండకు కాగింది, వదిలేయండి.